పెద్దమ్మ ఆమేన్ అనని పొద్దు

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో టీ తాగుతూ, మెట్రో పనులకని బీహార్ నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్న కూలీలకు దుప్పట్లు పోగుచేద్దామని నేనంటే, మా సంఘ కమిటీలోకి కొత్తగా వచ్చిన ఒక కుర్రవాడు చిన్నగా నవ్వి, ఈ లొల్లి మనకెందుకు అత్తమ్మా, వాళ్ల కోసం ప్రార్థన చేద్దాం చాలదా అన్నాడు. చాలదా అట! నాకు ఒళ్లు మండిపోయింది. ప్రార్థనతో ఏమేం చేయవచ్చో ఈ పిల్లలకు తెలియదు, చెప్పేవాళ్లం కూడా కరువైపోతున్నాం. తొంభైల చివర పాతబస్తీ సందుల్లో కాపురమున్న నా ఈడువాళ్లకైతే ఇట్టే అర్థమవుతుంది కనుక మీతో చెప్పుకుంటున్నాను.

మేము గుంటూరు వైపు నుంచి మా ఆయన ఉద్యోగం వెంట ఈ ఊరొచ్చి ఛత్రినాకలో రెండు గదుల వాటాలో దిగినవాళ్లం. నా మాట వింటే కూరగాయలమ్మే ఆవిడ కూడా నవ్వేది. ఎవరూ ఎరుగని ఆ రోజుల్లో నన్ను చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకెళ్లింది పక్క వాటా పెద్దమ్మ. ఆవిడ నాకు చుట్టం కాదు, సందంతటికీ పెద్దమ్మే. ఏదో ఆసుపత్రిలో ఆయాగా చేసి విరమించిన మనిషి, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, అన్నిటికన్నా పెద్దది ఆవిడ ప్రార్థన. ప్రధానమంత్రి ఆరోగ్యంతో మొదలుపెట్టి, సందులో చదువుకునే పిల్లల పరీక్షలన్నీ దాటి, పాలవాడి గేదె ఈత దాకా వచ్చేది. ఆవిడ మొదలుపెట్టినప్పుడు నానేసిన పప్పు ఆమేన్ వేళకి రుబ్బుకోవచ్చని మేమంతా వేళాకోళం చేసేవాళ్లం.

మా సంఘంలో ఒక పద్ధతుంది. ఎవరింట్లో ప్రార్థన కూటమి పెట్టుకున్నా వరుసగా ఒక్కొక్కరూ ప్రార్థించాలి, ఒకరు ప్రార్థిస్తుంటే ఇంకొకరు లేవకూడదు, బయటినుంచి వచ్చినవాళ్లు కూడా గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. అందువల్ల పెద్దమ్మ వంతు వచ్చిందంటే అందరికీ కాళ్లు తిమ్మిర్లే. పాస్టరుగారు, ఆయన్ని మేము అయ్యగారనేవాళ్లం, రెండుసార్లు దగ్గి చూసేవారు. దానికీ లొంగకపోతే సంఘ కార్యదర్శిగారు ముగింపు పాట ఎత్తుకునేవారు, మేమంతా అందుకునేవాళ్లం, ఆవిడ గొణుక్కుంటూ ఆపేది. ఏళ్ల తరబడి ఇదే తంతు.

ఇక మా చర్చి వెనక మురుగు నాలా గట్టున కొన్ని గుడిసెలుండేవి. ఒరిస్సా నుంచి ఇటుకలు మోయడానికి వచ్చిన కుటుంబాలవి. ఒకే పొడవాటి పరదా కింద, ఒకదాని బొంగులకు ఇంకొకటి కట్టుకుని, రైలు పెట్టెల్లా ఉండేవి. అక్కడికి పోవాలంటే చర్చి గోడ పక్కనున్న సన్నటి దారి ఒక్కటే. వాళ్ల భాష తెలియని మన జనం వాళ్లని బంగ్లాదేశోళ్లని పిలిచేవారు. సందులో ఎవరి సైకిలు పోయినా, ఎవరి కోడి తప్పిపోయినా వాళ్లమీదికే వెళ్లేవారు. మొదటి గుడిసెలో ఒక పచ్చి బాలింత ఉండేది. మా స్త్రీల సమాజంలో వండుకునేముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి ఆదివారం చర్చికి తెచ్చే ఆనవాయితీ ఉంది కదా, ఆ బియ్యంలోంచే ఆ పిల్లకి పథ్యం అన్నం వండి మోసేవాళ్లం. పెద్దమ్మయితే రోజూ వెళ్లి పసిగుడ్డుకి నలుగుపెట్టి నీళ్లు పోసి వచ్చేది.

ఆషాఢంలో, బోనాల మైకులు మోగుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం మా ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని, రేపు పొద్దున ఆ గుడిసెలు తీసేస్తున్నారు, నువ్వు అటువైపు పోకు అన్నారు. ఆయన గుమాస్తాగా పనిచేసేది ఆ గుడిసెలు తీయించే ఆఫీసులోనే. వానలో బాలింతని ఎక్కడికి పొమ్మంటారండీ అంటే, నన్నడిగితే నేనేం చెప్పను, నా నౌకరీ నీకు కావాలా వద్దా అన్నారు. నేను గ్లాసు అక్కడే వదిలేసి పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాను.

దీపాలు పెట్టే వేళకి అందరం చర్చిలో చేరాం. కార్యదర్శిగారు ససేమిరా అన్నారు. వాళ్లు మన సంఘంవాళ్లు కాదు, మన రాష్ట్రంవాళ్లు కూడా కాదు, ఆఫీసర్లతో పెట్టుకుంటే రేపు చర్చి గోడకే ఎసరొస్తుందన్నారు. అయ్యగారి భార్య తమ్ముడు హైకోర్టులో జూనియర్ వకీలు. పొద్దున్నే స్టే కోసం ప్రయత్నిస్తానన్నాడు కానీ, కాగితం చేతికి రావడానికి మధ్యాహ్నమవుతుందన్నాడు. గుడిసెలు పీకడానికి గంట చాలు. బోనాలకీ, పీర్ల పండక్కీ, మా క్రిస్మస్‌కీ తివాచీలిచ్చే టెంట్‌హౌస్ భాయ్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"దువా మే బైఠే సో లోగాఁ కు కౌన్ ఉఠాతా జీ?" అన్నాడు ఆయన. దువాలో, అంటే ప్రార్థనలో, కూర్చున్నవాళ్లని ఎవడు లేపుతాడని. మాకెవరికీ తట్టని మాట ఆయనకు తట్టింది. అందరం ఒక్కసారే పెద్దమ్మ వైపు తిరిగాం.

"ఒక్కనాడన్న నన్ను పూర్తిగ ప్రార్థన చెయ్యనిచ్చిండ్రా మీరు? రేపు ఎవ్వలు ఆపుతరో నేనూ జూస్త," అంది పెద్దమ్మ.

పొద్దున్నే భాయ్ ఆ సన్నదారి నిండా తివాచీలు పరిచాడు. ముప్ఫైమంది దాకా ఆడవాళ్లం కొంగులు తలమీద కప్పుకుని ఇరుక్కుని కూర్చున్నాం. బాలింత గుమ్మంలో పెద్దమ్మ, ఆవిడ వెనక పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఆ పిల్ల. లారీ వచ్చింది, గడ్డపారలతో మనుషులు దిగారు, ఆఫీసరు దిగాడు, ఆయన వెనక కాగితాల సంచీతో, మరెవరు, మా ఆయన! వీళ్లెవరయ్యా నీకు తెలుసా అని ఆఫీసరు అడిగితే, కట్టుకున్నదాన్ని ఎదురుగా పెట్టుకుని, తెలియదు సార్ అన్న మహానుభావుడాయన. నేను కళ్లు గట్టిగా మూసేసుకున్నాను, తెరిస్తే నవ్వో ఏడుపో వచ్చేసేలా ఉంది.

పెద్దమ్మ అందుకుంది. ఎప్పటిలాగే ఢిల్లీ నుంచి మొదలుపెట్టింది. ఆఫీసరు వాచీ చూసుకుంటూ, అయిపోనీ పాపం అన్నట్టు నిలబడ్డాడు. గడ్డపారలవాళ్లు తలలకు చుట్టుకున్న తువ్వాళ్లు తీసి చేతులు కట్టుకున్నారు. పెద్దమ్మ వాళ్లని ఒక్కొక్కరినీ ప్రభువుకి అప్పజెప్పింది. "గీ ఆఫీసరు బిడ్డను జూడు ప్రభువా, చాయ్ గూడ తాగక ఉరికొచ్చినట్టున్నడు, ఈయన తల్లిని సల్లగ జూడు," అని, ఒక కన్ను తెరిచి, "అమ్మ మంచిగున్నదా బిడ్డా?" అని అడిగింది. ఆయన తడబడి, షుగరున్నదమ్మా అన్నాడు. ఇంకేం, షుగరు మీద అరగంట.

ఎండ మెడలమీదికి వచ్చింది, ఆఫీసరుకి ఓపిక నశించి మనిషిని పంపి కార్యదర్శిగారిని పిలిపించాడు. కార్యదర్శిగారు వచ్చారు, గొంతు సవరించుకున్నారు, ముగింపు పాట ఎత్తుకున్నారు. మా పాడు అలవాటు చూడండి! ఏళ్ల తరబడి ఆ పాట వినగానే నోళ్లు తెరిచినవాళ్లం కదా, నాతో సహా అందరం అందుకున్నాం. రెండు చరణాలు పాడేశాక గానీ మేమేం చేస్తున్నామో మాకు తెలియలేదు. పాట అయిపోతే లేవాలి. గడ్డపారలు భుజాలకెక్కాయి. వెనకున్న ఇద్దరు ముగ్గురు సగం లేచారు కూడా. బాలింత పసివాణ్ణి గుండెకి అదుముకుంది.

"కూసోండ్రి!" అని పెద్దమ్మ ఒక్క అరుపు అరిచింది. "పాట మీది, ప్రార్థన నాది. నేను ఆమేన్ అనలే." లేచినవాళ్లు చతికిలబడ్డారు. ఆఫీసరు కార్యదర్శిగారి వైపు చూశాడు. ఆయన తలొంచుకుని ఏం చేశారనుకున్నారు? చెప్పులు విడిచి తివాచీ చివర కూర్చున్నారు. మా సంఘంలో పుట్టి పెరిగిన మనిషి, ఒకరు ప్రార్థిస్తుంటే నిలబడి ఉండటం ఆయనవల్ల కాలేదు.

ఆ తర్వాత పెద్దమ్మ గొంతు బొంగురుపోయింది, నీళ్లిస్తే వద్దని చెయ్యి ఊపింది, ఆపితే అయిపోయిందంటారని. మధ్యాహ్నం వకీలు స్కూటర్ సందు మలుపులో కనిపించి, ఆ కాగితం ఆఫీసరు చేతిలో పడి, ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని లారీ తిప్పమన్నాకే, పెద్దమ్మ ఆమేన్ అంది. మేమంతా ఆమేన్ అన్నాం, మా గొంతులకి చర్చి గోడమీది పావురాలు లేచిపోయాయి. బాలింత వచ్చి పెద్దమ్మ కాళ్లమీద పడబోతే, ఆవిడ, ముందు పోరడికి పాలియ్యి, అని కసిరింది.

కూర్చున్నవాళ్లలో నేనున్నానని తెలిసిపోయి మా ఆయనకి ఆఫీసులో మెమో వచ్చింది, నాకింట్లో మౌనవ్రతం వచ్చింది. పదిరోజులు గడిచాక వాకిట్లో స్నేహితులతో, మావాళ్లని కదిలించడం ఎవడివల్లా కాలేదు తెలుసా అని గొప్పలు చెబుతుంటే వంటింట్లోంచి విని, అప్పుడు ఈ మావాళ్లెవరో తెలియలేదేమండీ అని అడిగాను. 

ఆ గుడిసెలు ఇంకా చాలా ఏళ్లు నిలిచాయి. అందులోని కుటుంబాలు కొన్ని సొంతూరు పోయాయి, కొన్ని ఇక్కడే గదులు తీసుకున్నాయి. ఆ బాలింత ఇప్పుడు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో బంతిపూలు అమ్ముతుంది, తెలంగాణ మాట నాకన్నా ఆవిడకే బాగా పట్టుబడింది. పెద్దమ్మ లేదు, మా ఆయన లేరు, నాలా మీద స్లాబు పడింది, గుడిసెలున్నచోట ఫంక్షన్ హాలు లేచింది.

ఆ కాలపు అధికారులకి దైవభయం ఉండేది కనుక ఆగారు, ఇప్పటివాళ్లు ఆగరమ్మా అని నా ఈడువాళ్లే అంటుంటారు. నేను ఒప్పుకోను. ఆ లారీ ఆగడానికి రాలేదు, పడగొట్టడానికే వచ్చింది. మేము లేవలేదు కాబట్టి ఆగింది. ఆఫీసర్లు ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నారు, మనమే మారాం, ఎవరూ లేవమనకముందే లేచిపోతున్నాం. ఇప్పుడు నా మోకాళ్లు నన్ను నేలమీద కూర్చోనివ్వవు, నిజమే. ఆ రేకుల షెడ్లమీదికి ఏ లారీ అయినా వస్తే వాటి ముందు ఎవరైనా ఒక కుర్చీ వేయండి, నేను కూర్చుంటాను.