మోటరు స్విచ్చు దాకా తెల్ల బాట

మాదన్నపేటలో అద్దె గది ఖాళీ చేసిన రోజున, కింద పరిచిన కార్పెట్ గురించి మా ఓనర్ అంకుల్‌కూ నాకూ పంచాయితీ వచ్చింది. కార్పెట్ అంటే ఉన్ని తివాచీ కాదు. మీటర్ లెక్కన కోసి అమ్మే, చెక్క డిజైన్ ఉన్న ప్లాస్టిక్ షీటు. నేను దిగే ముందు రోజే ఆయన కొత్తది వేయించారు. రెండేళ్లలో గుమ్మం నుంచి ఎదుటి గోడ దాకా ఆ డిజైన్ చెరిగిపోయి తెల్లటి బాట పడింది.

"కార్పెట్ ఖరాబ్ జేసినవ్. అడ్వాన్స్‌ల మూడు వేలు పట్టుకుంటున్న" అన్నారాయన.

ఆ మూడు వేలు నాకు కావాల్సిందే. దబీర్‌పురాలో చూసుకున్న గదికి సాయంత్రంలోగా అడ్వాన్స్ మొత్తం కట్టకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామన్నారు. నా సామానేమో అప్పటికే ట్రాలీ ఆటో ఎక్కేసింది.

నేను చదివింది ఇంజనీరింగ్. దిగిన రోజే గదిలోని లోపాల జాబితా రాసి ఆయన చేత సంతకం పెట్టించుకున్నాను. ధీమాగా తీసి చేతికిచ్చాను. గోడ పగుళ్లు, వదులైన కిటికీ గడియ, నిమిషానికి పదకొండు చుక్కలు కారే కుళాయి, అన్నీ ఓపికగా చదివి ఏడో అంశం దగ్గర ఆగారు.

"'కార్పెట్ కొత్తది, ఒక్క గీత కూడా లేదు.' గిది నీ రాతే గదా బిడ్డా?"

నాదే. లోపం కాకపోయినా రాసి, ఆ మాటల కింద గీత కూడా గీశాను.

"నా మంచం ఈ మూలకు, టేబుల్ ఆ మూలకు. ఆ గోడ దిక్కు నాకేం పని అంకుల్? కొలిచి చూపిస్త."

"కొలువు. కొలిస్తే కొత్తగైతదా?"

నేను నేల మీద కూర్చుని టేపు లాగుతుంటే మేడ మీది నుంచి ఆంటీ కేక వేశారు.

"ఏమయ్యా! టాంకీ నిండి నీళ్లన్నీ గల్లీల పోతున్నయ్! మోటర్ బంద్ చెయ్!"

బోరు మోటరు స్విచ్చు నా గదిలోనే, ఆ ఎదుటి గోడకే ఉంది. రోజూ పొద్దున, సాయంత్రం ఆయన తన తాళంచెవితో తలుపు తీసుకొచ్చి వేసేవారు, కాసేపటికి మళ్లీ వచ్చి ఆపేవారు. స్విచ్చు బాగానే పనిచేస్తుంది కాబట్టి నా లోపాల జాబితాలోకి ఎక్కలేదు.

అంకుల్ చెప్పులతోనే ఉరికారు. ఒక్క అడుగు కూడా పక్కకు పోకుండా తెల్ల బాట మీదుగానే వెళ్లి స్విచ్చు ఆపారు. వెనక్కి తిరిగి తన కాళ్ల వైపు చూసుకున్నారు.

"రోజుకు నాలుగు సార్లు అంకుల్. పోవుడు వేరే, వచ్చుడు వేరే. రెండేండ్లకు లెక్క గట్టాల్నా?"

"వద్దు తియ్. నీ లెక్కలతోని తల్కాయ నొస్తది."

"ఇంకా ఏం జేస్తున్నవయ్యా కింద?" అని మళ్లీ ఆంటీ.

"కార్పెట్ చూస్తున్ననే!"

పక్కకు తీసిన మూడు వేలూ నా చేతిలో పెట్టారు. జాబితా మాత్రం తిరిగి ఇవ్వలేదు.

"నా దగ్గరుండని. కొత్తగ దిగెటోనికి పనికొస్తది" అంటూ నా పెన్ను అడిగి తీసుకుని, ఏడో అంశం కొట్టేసి పక్కన రాశారు: 'కార్పెట్ మీద బాట నాది.'