అగ్గిపెట్టె మీద వాలిన స్లైడు

రంగు సీసా మూత తీయగానే ఫినాయిల్ లాంటి ఘాటు ముక్కుకు తగిలింది. తెనాలిలో నేను పనిచేసే ల్యాబులో ఈ సీసాతో ఏడాదికి రెండు మూడు సార్లకు మించి పని పడదు. పడినప్పుడల్లా కరుణమ్మ మేడం గుర్తొస్తారు. ఆవిడ ప్రొఫెసరు కారు, బాపట్లలో నేను పీజీ చదివినచోట ల్యాబ్ టెక్నీషియన్. సొంతూరు రేపల్లె. వారమంతా బాపట్లలో ఉండి, ఆదివారం రేపల్లెలో చర్చికి వెళ్ళి, సోమవారం పొద్దున తెనాలిలో రైలు మారి తిరిగొచ్చేవారు. మాట తక్కువ. అన్న మాట మాత్రం గుచ్చుకునేది. మొదట్లో ఆవిడంటే నాకు పెద్ద ఇష్టం లేదు.

పెనుమూడి దగ్గర మినుము చేలోని మట్టిలోంచి ఒక బాక్టీరియాను వేరుచేశాను. అదేమిటో తేల్చడమే నా థీసిస్. తేల్చాలంటే దాని కశాభాలు చూడాలి. బాక్టీరియా ఈదడానికి వాడే సన్నని పోగులవి. కొన్నిటికి ఒక కొసన ఒక్కటే ఉంటుంది, కొన్నిటికి కుచ్చులా ఉంటాయి, కొన్నిటికి ఒళ్ళంతా ఉంటాయి. మామూలు మైక్రోస్కోపుకు అందనంత సన్నం కాబట్టి ముందు మందు పట్టించి లావు చేసి, ఆపైన రంగు వేసి చూడాలి. మూడు వారాలు అదే పని చేశాను. ఏ స్లైడు చూసినా పోగుల్లేని బోడి బాక్టీరియా కడ్డీలే. థీసిస్ ఇవ్వడానికి పది రోజులే మిగిలాయి. అది దాటితే ఇంకో ఆరు నెలలు ఆగాలి. విసుగెత్తి ‘కశాభాలు లేవు’ అని రాసేసి, స్లైడుతో సహా ఆవిడకు చూపించాను.

“ఇది ఈదడం చూశావా అమ్మా?” అన్నారు, మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే.

“మొదట్లో ఇక్కడే పెంచినప్పుడు చూశాను మేడం. బాగానే ఈదింది.”

“మరి దేంతో ఈదిందంట?”

నాకు ఒళ్ళు మండింది. “స్లైడులో లేవు కదండీ. లేనివి గీయమంటారా?”

“గీయమన్లేదమ్మా. లేవని రాయొద్దంటున్నా. కనపళ్ళేదని రాయి.”

అలా రాస్తే థీసిస్ సగంలో ఆగిపోతుంది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. కాగితం నా చేతిలో పెట్టి తన పనిలో పడిపోయారు. అప్పట్లో రోజూ తెనాలిలో మా ఇంటి నుంచే రైల్లో వెళ్ళొచ్చేదాన్ని. ఆ సాయంత్రం తెనాలి దాకా ఆవిడను తిట్టుకుంటూనే వచ్చాను.

తరువాతి సోమవారం తెనాలిలో ఆవిడ నేనున్న ఆడవాళ్ళ పెట్టెలోనే ఎక్కి ఎదురుగా కూర్చున్నారు. కిటికీ పక్క కొక్కేనికి తగిలించిన నా సంచి రైలుతోపాటు ఊగుతోంది.

“సంచిలో ఏంటమ్మా, టిఫినా?”

“కల్చర్ ట్యూబులు మేడం. ముందురోజు ఇంట్లో బాక్టీరియాను పెడితే ల్యాబుకు వచ్చేసరికి సరిగ్గా పెరుగుతుందని...”

“మూడు వారాల నుంచీ ఇట్టాగే తెస్తున్నావా?”

తలూపాను. ఆవిడ లేచి సంచి దించి ఒళ్ళో పెట్టుకున్నారు. “కుదిపితే తెగిపోతాయమ్మా అవి. వాటి తోకలన్నీ ఈ రైల్లోనే రాలిపోయుంటాయి.” ఆ ట్యూబులు ఇక పనికిరావని తెలిసి కూడా, బాపట్ల వచ్చేదాకా సంచిని రెండు చేతులతో అదిమి పట్టుకునే కూర్చున్నారు.

ఆ రోజే ల్యాబులో కొత్తగా పెంచడానికి పెట్టాం. మర్నాడు ఆవిడ శుభ్రమైన స్లైడు ఒక కొస కింద అగ్గిపెట్టె పెట్టి ఏటవాలుగా ఉంచారు. పై కొసన బాక్టీరియా కలిపిన నీటి చుక్క నన్ను వేయమన్నారు. చుక్క తనంతట తానే మెల్లగా కిందికి జారింది.

“అగ్గిపెట్టె ఎందుకండీ? చేత్తో వంచి పట్టుకుంటే పోదా?”

“చేతిని నమ్మకూడదమ్మా. వణుకుతుంది.”

అందరి చేతుల గురించీ అంటున్నారనుకున్నాను. రంగు వేసి చూస్తే ఎర్రని కడ్డీకి ఒక కొసన మూడు పోగులు, అలలు తిరిగి ఉన్నాయి. పక్కదానికి రెండు, అవీ ఒక కొసనే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఎన్ని కనపడితే అన్నే గీయమ్మా” అని ఆవిడ వేరే బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. థీసిస్ గడువులోపే ఇచ్చాను.

ఆవిడకు మేం చాటుగా పెట్టుకున్న పేరు అగ్గిపెట్టె మేడం. ఆ పేరు పెట్టింది నేనే. ఆవిడ రిటైరైన రోజు వెళ్ళాను. టీ కప్పు అందుకున్నారో లేదో, సాసరు మీద టకటకమని కొట్టుకుంది. కప్పు కింద పెట్టి రెండు చేతులూ ఒళ్ళో అదిమి పెట్టుకున్నారు, ఆనాడు రైల్లో నా సంచిని పట్టుకున్నట్టే.

“ఎన్నాళ్ళ నుంచండీ?” అన్నాను.

“నువ్వు చేరకముందు నుంచేనమ్మా. తెలిస్తే ల్యాబులోంచి తీసి ఆఫీసులో కూర్చోబెడతారని ఎవరికీ చెప్పలా.”

నాకు సిగ్గేసింది. ఆ పేరు సంగతి చెప్పి క్షమించమనాలనుకున్నాను గానీ చెప్పకుండానే వచ్చేశాను. పోయినేడు ఆవిడ రేపల్లెలో పోయారని నెల తరువాత తెలిసింది. ఆ మాట చెప్పుకోలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

నా చెయ్యి వణకదు. అయినా ఈ రోజు కూడా స్లైడు కింద అగ్గిపెట్టె పెట్టాను. రంగు వేసి గంటసేపు వెతికినా ఒక్క పోగూ కంటపడలేదు. కొత్త ట్యూబును రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా నడిచి, పెరగడానికి పెట్టివచ్చాను. మా ఫారంలో కశాభాలకు ‘ఉన్నాయి’, ‘లేవు’ అని రెండే గళ్ళుంటాయి. రెండూ ఖాళీగా వదిలి, పక్కన పెన్నుతో ‘కనిపించలేదు’ అని రాశాను.