ఊగుతున్న ఖాళీ కుర్చీ

వరండాలోకి ఊగే కుర్చీ కొనడానికి నిన్న కోరుట్లలో ఒక దుకాణానికి వెళ్ళాను.

"అసల్ టేకు మేడం, మీ మనుమల దాకా వస్తది" అన్నాడు యజమాని.

"ప్రతి కుర్చీకి గిదే చెప్తరా?" అని, దాన్ని తలకిందులు చేయించి, రంగు పూయని అడుగు చెక్కను గీకించి వాసన చూశాను. టేకే. దుబాయిలో పనిచేసిన మా నాన్న గుర్తొచ్చాడు.

సెలవులో వచ్చినప్పుడు ఆయన చేయించుకున్న ఊగే టేకు కుర్చీ, ఆయన తిరిగి వెళ్ళాక మా వరండాలో గాలికి ఊగేది. నాయనమ్మకు అది భయం.

"ఖాళీ తొట్టెల ఊపితే పిల్లకు మంచిది కాదు బిడ్డా. గిది గూడ గంతే. ఖాళీగ ఊగితే మీ నాయినకు ఏమన్న అయితది."

"అయితే నేను కూసుంట" అన్నాను.

బడి నుంచి రాగానే సంచీ దించకుండానే అందులోకి ఎక్కేదాన్ని.

"గంత కావలి ఎందుకే, అన్నం తిందువు రా!" అని నాయనమ్మ నవ్వేది. నాన్నను నేనే కాపాడుతున్నానని నా నమ్మకం.

నాన్న పోయాడని ఫోను వచ్చినప్పుడు కుర్చీ ఖాళీగా లేదు. నేను అందులోనే ఉన్నాను. ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. దిగితే కుర్చీ ఖాళీ అవుతుందని దిగలేదు.

కూర్చుంటే కాపాడవచ్చునన్న నా సిద్ధాంతం అక్కడే వీగిపోయింది. ఆ తర్వాత రుజువు లేని దేనినీ నేను నమ్మలేదు.

నిన్న దుకాణంలో ఆ కొత్త కుర్చీలో కూర్చుని చూసి, ఇదే పంపమని చెప్పి లేచాను. గుమ్మం దగ్గర వెనక్కి చూస్తే అది ఇంకా ఊగుతోంది. తిరిగి వెళ్ళి, చేత్తో పట్టి ఆపాను.