ఎల్లవ్వత్త వద్దన్న పొద్దటి కల్లు

నిన్న పొద్దున బాపు ఫోన్ చేశాడు.

బాపు నాకు ఫోన్ చేసే మనిషి కాదు. స్క్రీన్ మీద ఆయన పేరు చూడగానే విషయం అర్థమైంది.

"ఎల్లవ్వ పోయిందిరా" అన్నాడు. అంతే. ఫోన్ కట్ చేయలేదు. కరీంనగర్ బస్టాండ్‌లో నిలబడి ఆయన ఏడుపు వింటూ ఉండిపోయాను.

ఎల్లవ్వ మా మేనత్త. బాపుకు ఒక్కతే చెల్లెలు. మందమర్రిలో బొగ్గుగని కార్మికుల కాలనీలో ఉండేది. ఈరోజు మధ్యాహ్నం మట్టి చేసి వచ్చాం. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆమె గురించి తెలియనివాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి.

మాది తాటిచెట్లు గీసి కల్లు దించే ఇల్లు. ఈ వయసులో కూడా బాపు చెట్టెక్కుతాడు. మా ఇంట్లో కల్లు తప్పు కాదు, తిండి లాంటిది. అత్త కూడా అందరిలాగే చిన్నప్పటి నుంచీ తాగింది.

పెళ్ళయి మందమర్రి పోయాక కథ మారింది. మామ బొగ్గుబాయి డ్యూటీకి పోతే, అత్త కాలనీ ఆడవాళ్ళతో కల్లు అమ్మే మండువకు పోయేది. అక్కడ పోసేది చెట్టు కల్లు కాదు, మత్తుమందు కలిపిన కల్లు. ఒక్కపూట తాగకపోతే చేతులు వణికేవి. మామ చనిపోయాక ఇంకా ఎక్కువైంది.

ఒకరోజు పొయ్యి మీద అన్నం పెట్టి, మత్తులో పడిపోయింది. ఇల్లంతా పొగ. లోపల చిన్నపిల్ల సునీత, ఆమె కూతురు. పక్కింటివాళ్ళు తలుపు పగలగొట్టి ఇద్దరినీ బయటికి లాగారు.

తెల్లారి అత్త చర్చికి పోయింది. ఎవరూ పిలవలేదు. తనే పోయింది.

మానేసిన కొత్తలో నరకం చూసింది. గోడల మీద ఏవో పాకుతున్నాయని అరిచేది. చర్చి ఆడవాళ్ళు వంతులేసుకుని పక్కన కూర్చున్నారు. కొంచెం కోలుకున్నాక, సాయంత్రం జనం మండువకు పోయే టైమ్‌కు ఈమె చర్చి మెట్ల మీద కూర్చునేది. తలుపు తాళం వేసి ఉన్నా సరే, అక్కడే కూర్చునేది.

బాప్తిస్మంలో ఎస్తేరు అని పేరు పెట్టారు. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. పిలిచినా ఈమె పలికేది కాదు, తనను కాదనుకుని అటూ ఇటూ చూసేది.

నాకు చర్చి అలవాటు లేదు. ప్రసంగం కాస్త పొడుగైతే ఆవలింతలొస్తాయి. అందుకే ఒకసారి నవ్వుతూ అడిగాను, "యేసయ్య నీ తాగుడు ఆశ తీసేసిండా అత్తా?" అని.

ఆమె నవ్వలేదు.

"తియ్యలే బిడ్డా. ఆశ గట్లనే ఉన్నది. ఆయన నా పక్కన కూసున్నడు, గంతే."

బాపుకు మాత్రం ఇది మింగుడు పడలేదు. చెల్లెలు ఊరికి వస్తే మొదటి లొట్టి కల్లు ఆమెకే దించేవాడు. ఆమె వద్దనేసరికి ముఖం మాడ్చుకున్నాడు. "మండువల ఉన్నది మందు, నా చెట్టు మీద ఏమున్నది? నా కల్లు ముట్టనిది నా చెల్లె ఎట్లయితది?" అన్నాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు.

తాగుడు మానేసింది కానీ, పాడైన లివర్ బాగుపడలేదు. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

పోయేముందు మనిషికి ఇష్టమైంది నోట్లో వేయాలంటారు మా వాళ్ళు. లేకపోతే ఆశ మిగిలిపోతుందట. మొన్న ఆదివారం బాపు పొద్దున్నే చెట్టెక్కి కల్లు దింపాడు. సీసాకు తడి తువ్వాల చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో మందమర్రి దాకా వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. 

మంచం దగ్గర కూర్చుని గ్లాసులో పోశాడు.

"చెల్లే, పొద్దటి కల్లు. జర నోట్లె వోసుకో. నా కోసం."

అత్త కళ్ళు తెరిచింది. గట్టిగా వాసన పీల్చింది. "మస్తు మంచిగున్నదే అన్నా" అంది. తాగుతుందనే అనుకున్నాం. సునీత తల తిప్పుకుంది.

అత్త బాపు మణికట్టు పట్టుకుంది.

"నాకు తాగాలనే ఉన్నదే. గందుకే వద్దు. కోపం చెయ్యకు. నీ చేత్తోని నీళ్ళు పొయ్యి."

తర్వాత కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. యేసయ్యా అన్న మాట ఒక్కటే మాకు వినిపించింది.

బాపు లేచి, సీసా తీసుకుపోయి బయట మోరీ కాలువలో పోసేశాడు. ఆయన కల్లు పారబోయడం నా జన్మలో చూడలేదు. గ్లాసు కడిగాడు. చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. వాసన చూసుకుని మళ్ళీ కడుక్కున్నాడు. అప్పుడొచ్చి చెంచాతో నీళ్ళు పోశాడు.

ఆమె ఒక్కో చెంచా తాగింది. బాపు ముఖం చూడలేక నేను బయటికి వచ్చేశాను. ఇది రాస్తుంటే కూడా ఏడుపు ఆగడం లేదు.

మా వాళ్ళలో మట్టి అయ్యాక అందరూ కూర్చుని కల్లు తాగుతారు. ఎవరింట్లో చావైనా కల్లు తెచ్చేది బాపే. ఈరోజు సమాధి దగ్గర ప్రార్థన అయిపోగానే ఒక చుట్టం మెల్లగా వచ్చి, "కాకా, కల్లు ఏడ వెట్టినవ్?" అని అడిగాడు.

"తేలే" అన్నాడు బాపు. "ఇయ్యాల చెట్టే ఎక్కలే. నా చెల్లె మట్టికి కల్లు లేదు."

కొందరు గొణుక్కుంటూ పోయారు. బాపు ఎవరివైపూ చూడలేదు. ఎండలో ఆ పచ్చిమట్టి పక్కనే కూర్చున్నాడు.

పోయి రా అత్తా. ఇక దేనితోనూ కొట్లాడే పని లేదు నీకు. నీ యేసయ్య దగ్గర నిమ్మళంగా పడుకో.