లాల్ బాషా పట్టు

పులివెందుల కబడ్డీ క్యాంపుకు లాల్ బాషాను ఎవరూ కోరి తీసుకుపోలేదు. ప్రొద్దుటూరులో ఎంపికలు జరిగినప్పుడు ఆడించి చూశారు, వేగం లేదని పక్కన నిలబెట్టారు. కూతకు పంపితే ఎట్లా వెళ్ళినవాడు అట్లాగే తిరిగొచ్చాడు, ఎదుటి జట్టులో ఒక్కణ్ణీ తాకలేదు. తీరా వ్యాను బయలుదేరే వేళకు, ఎంపికైన వాళ్ళలో ఒకడు పచ్చకామెర్లని ఇంటికి పోయాడు. ఖాళీ సీటుతో పోవడానికి కోచ్ తిరుపాల్ సార్‌కు మనసొప్పలేదు. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటున్న బాషాను కేకేసి, "వస్తావేందిరా? వస్తే ఎక్కు," అన్నాడు. అంతే, అదే ఎంపిక. కూరలో కరివేపాకు వచ్చిందిరా అని వ్యానులో వాళ్ళు నవ్వితే అతనూ నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

పైకి నవ్వాడు గానీ వ్యాను కదులుతుంటే ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. చిలమకూరు పక్క పల్లె వాళ్ళది. మీసాలు సరిగ్గా రాకముందు నుంచీ నాపరాళ్ళు మోస్తున్నాడు. జిల్లా జట్టులో చోటు దొరికి నాలుగు పోటీలాడితే, ఆటల కోటాలో ఏ కానిస్టేబులు ఉద్యోగమో రాకపోదు. రాకపోతే మళ్ళీ బండలే. తల్లి రహమత్‌బీ కోరిక కూడా అదొక్కటే. "నువ్వు ఆ బండల జోలికి పోకుంటే చాలు నాయనా, అల్లాను ఇంగేమీ అడగను," అనేది. ఆమెకు బండలంటే కోపం కాదు, భయం.

ఆ భయం ఊరికే రాలేదు. నాపబండను ఇద్దరు ఎదురెదురుగా పట్టి మోస్తారు. దించేటప్పుడు ముందువాడు తన వేళ్ళు సర్దుకుని "ఇడ్సు" అంటాడు. ఆ మాట చెవిన పడితేనే రెండోవాడు చెయ్యి వదలాలి. తేలు కుట్టినా సరే, పక్కన పిడుగు పడినా సరే, అంతవరకూ వదలకూడదు. బండల పనిలో చదువైనా శాస్త్రమైనా అదే. బాషా తండ్రి దావూద్‌కు జతగా మోసే మహానుభావుడు ఒకనాడు చెవిలో ఈగ దూరిందని చెయ్యి తీశాడు. ఈగ! బండ దావూద్ పాదం మీద పడింది. ఆ పుండు మానలేదు, చక్కెర జబ్బు తోడై చివరకు మనిషినే తీసుకుపోయింది. అందుకే కొడుకు బండల్లో చేరిన రోజు మేస్త్రి ఈ నియమం చెప్పబోతే, అవసరం లేదన్నట్టు తల ఊపాడు. ఒక్కొక్కరికి కొన్ని సంగతులు బుర్రలో ఉంటాయి, అతనికి ఇది చేతుల్లోనే ఉంది.

క్యాంపులో మొదట్లో అతన్ని లెక్కచేసినవాడు లేడు. నీళ్ళ బిందెలు మోయడానికి, చాపలు పరవడానికి మాత్రం పిలిచేవాళ్ళు. ఒకరోజు ఎవరో మడమ బెణికి కూర్చుంటే ఆ చోట ఇతన్ని నిలబెట్టారు. అవినాష్ కూతకు వచ్చాడు.

అవినాష్ ఆ క్యాంపులో అందరికంటే పేరున్న రైడర్. చేపపిల్ల లాగా జారిపోతాడని చెప్పుకునేవాళ్ళు. ఆ జారిపోవడంలో సగం అతని గొప్ప, సగం ఎదుటివాళ్ళ మర్యాద. ఎందుకంటే క్యాంపులో అన్నం, గుడ్లు, ఆదివారం పొట్టేలు మాంసం అన్నీ అతని మేనమామ నారాయణ పంపిస్తున్నవే. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళు ఉంటారు గానీ, తిన్న ఇంటి మేనల్లుణ్ణి పట్టి కింద పడేసే మొనగాడు ఉండడు. ఈ సంగతి బాషాకు ఎవరూ చెప్పలేదు. చిట్టచివర వ్యానెక్కినవాడికి ఎవరు చెప్తారు?

అవినాష్ కాలు చాచాడు. బాషా వంగి చీలమండ దొరకబుచ్చుకున్నాడు. ఆ కాలు ఇంక కదల్లేదు. అవినాష్ గింజుకున్నాడు, రెండో కాలితో తన్నాడు, చేతులు నేలకానించి ఈడ్చాడు. ఆఖరికి నవ్వు తెచ్చిపెట్టుకుని, "ఇడ్సప్పా సామీ, ఇడ్సు!" అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే బాషా చేతులు తెరుచుకున్నాయి. చూస్తున్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. తిరుపాల్ సార్ మాత్రం విజిల్ నోట్లోంచి తీసి, ఈ మనిషిని కిందినుంచి పైదాకా కొత్తగా చూశాడు.

ఆ రోజు నుంచి బాషా కోర్టులోనే ఉన్నాడు. కోర్టు మధ్యలో కవర్ స్థానం, పక్కన జమ్మలమడుగు జావేద్ చెయ్యి. జావేద్ ఆ క్యాంపులో పెద్దవాడు, పాత ఆటగాడు. ఇద్దరూ చేతులు కలిపి నిలబడితే రైడర్లకు అటువైపు చూడబుద్ధయ్యేది కాదు. పట్టుబడ్డ ప్రతివాడూ "ఇడ్సు" అనేవాడు, ఇతను వదిలేవాడు. క్యాంపంతా అదొక పరాచికమైపోయింది. అన్నం తినేటప్పుడు కూడా అతని చేతిలో గ్లాసు చూసి "ఇడ్సు" అని అరిచి నవ్వేవాళ్ళు.

సార్‌కు మాత్రం అది నచ్చలేదు. "ఒరే బాషా, పోటీలో ఎవుడూ నీకు ఇడ్సు అని చెప్పడు. కూత పెట్టేటోడు కబడ్డీ తప్ప ఇంగో మాట అన్నాడంటే అవుటు. విజిల్ ఇనపడితే నువ్వే ఇడ్సల్ల. తెలిసిందా?"

"తెలిసింది సార్."

తెలిసింది బాషాకు. చేతులకు తెలిసిందో లేదో ఎవరడిగారు?

శ్రావణ శనివారం నాడు నారాయణ వచ్చాడు. గండి ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని వస్తూ దారిలో ఆగానన్నాడు. నుదుట సిందూరం, వెనక రెండు తెల్ల బండ్లు, క్యాంపు మొత్తానికీ ప్రసాదం. లారీల కాంట్రాక్టులున్నవాడు, చుట్టుపక్కల పల్లెల్లో ఆయన మాట దాటే మనిషి లేడు. ఊరక రారు మహానుభావులని పెద్దలు ఎందుకన్నారో ఆ రోజు ఎవరికీ తట్టలేదు. కుర్చీ వేస్తే కూర్చుని ఆట చూశాడు. మేనల్లుడు కూతకు పోయినప్పుడు ఫోను చూసుకున్నాడు. పట్టు పడినప్పుడు మాత్రం తలెత్తాడు.

"ఆ ఎర్ర బనీనోడు ఎవురప్పా?" అని అడిగాడు.

సార్ చెప్పాడు. నారాయణ మరుసటి శనివారం మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత గండి దారి లేకుండానే వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఆయన చూపు తన వీపు మీద ఉన్నట్టు బాషాకు తెలుస్తూనే ఉంది. మొదట గర్వపడ్డాడు. పెద్దమనిషి మెచ్చుకుంటే జట్టులో చోటు ఖాయమే కదా అనుకున్నాడు, పిచ్చివాడు.

ఒక సాయంత్రం బోరు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ జావేద్ మెల్లగా అన్నాడు, "నారాయణన్న ఆట చూడనీకి వస్తాండాడని అనుకుంటాండావా?"

"మరి?"

"పోయిన ఎండాకాలం మా జమ్మలమడుగులోనే ఆయప్ప మీదికి కొడవళ్ళతో వచ్చినారు. ముందుకు దూకి అడ్డం నిలబడిన మనిషి ఆడికాడనే పోయినాడు. ఆయప్ప చొక్కాకు మరక గూడా కాల్యా. అట్లాంటి మనిషి కోసం ఇంగా ఎతుకుతానే ఉండాడు."

బాషా కాళ్ళ మీద నీళ్ళు పోసుకోవడం ఆపేశాడు. "నేను ఆడుకునేటోన్ని. నాకేంది దాంతో?"

"ఏమీ లేకుండాలనే చెప్తాండా. ఆకరి రోజు ఆయప్ప కుర్చీ ఏసుకొని కూర్చుంటాడు. మిగతా వాళ్ళను పట్టుకో, జట్టులోకి రా. అవినాష్ వస్తే మాత్రం పట్టుకున్నట్టు పట్టుకొని ఇడ్సిపెట్టు. వీడిది గూడా అంతంత మాత్రమే అనుకోని పోతాడు."

బాషా ఆ రాత్రంతా ఆలోచించాడు. జావేద్ చెప్పింది సబబుగానే తోచింది. చెప్పినట్టే చేస్తానని అతనికి మాటిచ్చాడు. భయం పోయింది. అవినాష్‌ను వదిలేస్తాడు, మిగిలినవాళ్ళను ఆపుతాడు, జట్టులోకి పోతాడు. అమ్మకు ఫోనులో కూడా అదే చెప్పాడు, అయిపోయిందనుకోమని.

ఆఖరి రోజున జట్టు ఎంపిక ఆటకు కడప నుంచి రెఫరీలు వచ్చారు, ఊరి జనం వచ్చారు. నారాయణ గీత పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. ఆట మొదలైంది. బాషా దగ్గరికి వచ్చిన రైడర్ వచ్చినట్టే పడ్డాడు. జనం ఈలలు వేశారు. తిరుపాల్ సార్ ముఖం వెలిగిపోయింది. ఇటు తిరిగి వేలితో నేల చూపించాడు, నీ చోటు ఇదేనని. ఆ ఒక్క సైగతో బాషాకు కళ్ళు చెమర్చాయి.

అప్పుడు అవినాష్ కూత పెట్టుకుంటూ వచ్చాడు. ఊరి జనం ముందు గెలవాలని వచ్చాడు, ఎప్పటికంటే లోపలికి వచ్చాడు. కాలు తగిలించి తిరిగి దూకబోతుంటే బాషా చెయ్యి వెళ్ళి అతని ముంజేతిని చుట్టుకుంది.

వదలాలి. బాషా ఆ మాట మరిచిపోలేదు. వదులు, వదులు అని లోపల అరుస్తూనే ఉన్నాడు. వేళ్ళు రాలేదు. ఎదుటివాడి నోటి నుంచి రావలసిన మాట కోసం అవి కాచుకుని ఉన్నాయి. అవినాష్ కళ్ళు పెద్దవయ్యాయి. ఆ కళ్ళు ఆ మాటే చెప్తున్నాయి, నోరు మాత్రం కబడ్డీ కబడ్డీ అంటూనే ఉంది. కూత ఆపితే అవుటు. గీత జానెడు దూరంలో ఉంది. నోరు తెరిచి ఒక్క మాట అనలేక, ఆ జానెడూ అందుకోవాలని ఒళ్ళంతా విసిరి గీత వైపు దూకాడు.

భుజంలో ఎముక విరిగిన చప్పుడు కుర్చీల దాకా వినపడింది. కూత తెగిపోయి "అమ్మా" అని కేకయింది. విజిల్ మోగింది. జావేద్ పరుగెత్తుకొచ్చి "ఇడ్సు!" అని చెవిలో అరిచాక గానీ బాషా వేళ్ళు రాలేదు.

అవినాష్‌ను ఒక బండిలో ఆసుపత్రికి తీసుకుపోయారు. నారాయణ లేవలేదు. సోడా సగం తాగి ఉన్నాడు, మిగతా సగం తాగాడు. తిడితే, కొడితే క్యాంపులో వాళ్ళకు ఊపిరాడేది. ఆయన సార్‌ను పిలిచి పక్కకు తీసుకుపోయి రెండు మాటలు మాట్లాడాడు. సార్ తిరిగొచ్చి, ముఖం ఎత్తకుండా జట్టులోకి ఎంపికైన వాళ్ళ పేర్లు చెప్పాడు. జావేద్ పేరుంది. భుజం విరిగిన అవినాష్ పేరు కూడా ఉంది. లాల్ బాషా పేరు లేదు.

"సార్, నాది?" అన్నాడు బాషా.

"నీకు వేరే పని చూసినార్లేరా," అన్నాడు సార్. ఆటగాణ్ణి తయారు చేసిన చేతులతోనే అప్పగించి, కాళ్ళ దగ్గర మట్టి చూస్తూ నిలబడ్డాడు. నాకు ఆ మనిషి మీద ఇప్పటికీ కోపమే.

నారాయణ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "ఏం భయపడాకు. వానికి ఎముక అతుక్కుంటాది. నీ మాదిరి పట్టు నేను యాడా చూడలే. మీ ఊరి మీదనే పోతాండాం. ఎక్కు. గుడ్డలు సర్దుకొని మీ అమ్మకు చెప్పి వద్దువు."

రానని చెప్పడానికి ఒక్క మాట చాలు. బాషా చుట్టూ చూశాడు. ఇందాక ఈలలు వేసిన జనంలో ఒక్కరి చూపూ అతని మీద లేదు. జావేద్ పెదవి కొరుక్కుంటూ ఆకాశం చూస్తున్నాడు. ఆ మాట అనకుండానే బండెక్కాడు.

పల్లెలో తెల్ల బండి ఆగేసరికి రహమత్‌బీ కొంగు సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చింది. బండిలోంచి దిగుతున్న కొడుకును చూసి ముఖమంతా నవ్వయింది. "జట్టులో తీసుకున్నారా నాయనా?"

కొడుకు తల వంచుకుని గుడ్డలు సర్దుకోవడానికి ఇంట్లోకి పోయాడు. ముందు సీటు అద్దం దిగింది. "జట్టెందుకు రహమత్‌బీ? నా కాడనే ఉంటాడు. నీ కొడుకు ఇంగ బండ ముట్టే పని ల్యా," అన్నాడు నారాయణ.

ఏ మాట కోసం ఆమె ఇన్నేళ్ళు దువా చేసిందో ఆ మాటే. జమ్మలమడుగులో జరిగింది వినని ఇల్లు ఆ పక్క లేదు. ఆమె నవ్వు ముఖం మీదే చచ్చిపోయింది. బండి తలుపును రెండు చేతులా పట్టుకుంది.

"సామీ, వానికేమీ రాదు సామీ. వట్టి మొద్దు. బండలు మోసేది తప్ప ఇంగేం తెలీదు. బండలకే పంపిస్తా సామీ. రేపటినించే పంపిస్తా. నీ కాళ్ళు పట్టుకుంటా."

నారాయణకు కోపం రాలేదు. జాలిగానే నవ్వాడు. "బండలు ఎవురైనా మోస్తార్లేమ్మా."

బాషా గుడ్డల సంచితో బయటికి వచ్చాడు. "వారంలో వస్తాలే అమ్మా," అన్నాడు. ఆమె ముఖంలోకి చూడలేక నారాయణ వెనక సీటులో ఎక్కి కూర్చున్నాడు. బండి కదిలింది. సందు మొగ దాటకముందే వెనక ఏడుపు అందుకుంది. కొడుకు పనికి పోతుంటే తల్లి ఏడ్చే ఏడుపు కాదది, ఇంట్లోంచి శవంతో జనాజా లేచేటప్పుడు ఆడవాళ్ళు ఏడ్చేది. పేరు పెట్టి, బాషా, బాషా అని ఏడుస్తోంది. బతికున్నోనికి అట్లా ఏడ్వకూడదమ్మా అని ఎవరో ఆమెను వారిస్తున్నారు. డ్రైవరు అద్దాలు పైకి ఎత్తాడు.