నీలం మేస్త్రి

మా పెదనాన్న ముప్పై ఏళ్లుగా వెంట్రుకలు ఉడకబెడుతున్నాడు. ఈ మాట చెబితే నవ్వనివాళ్లను నేనింతవరకు చూడలేదు. నవ్వేవాళ్లు తాము తాగే దగ్గుమందు ఎక్కడ పుట్టిందో ఎన్నడూ అడిగి ఉండరు. క్షౌరశాలల్లో ఊడ్చిపారేసిన జుట్టు బస్తాల్లో మా ఫ్యాక్టరీకి వస్తుంది. యాసిడ్‌లో మరిగిస్తే అందులోని ప్రొటీను ముక్కముక్కలై అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. ఆ తర్వాత సోడా కలిపి యాసిడ్ పదును తగ్గిస్తే వాటిలో ఒకటి తెల్లటి స్ఫటికాలుగా అడుక్కు దిగుతుంది. మందుల కంపెనీలు కొనేది దాన్నే. ఆరబెట్టిన స్ఫటికాలను డ్రమ్ముల్లోకి ఎత్తి మూత బిగించే పని నాది.

మరిగించే పని పెదనాన్నది. లోపల గాజుపూత ఉన్న రియాక్టర్, రెండు నిలువుల ఎత్తు. ఎప్పుడు ఆపాలో ఆయనే చెప్పాలి. తక్కువ ఉడికితే స్ఫటికాలు సరిగా దిగవు, ఎక్కువ ఉడికితే విడిపోయినవి కూడా పాడవుతాయి. అందుకని చివరి గంటల్లో ఆ నల్లటి ద్రవం రెండు చుక్కలు తీసి, నీళ్లతో పల్చన చేసి, కాస్టిక్ సోడా, మైలుతుత్తం నీళ్లు కలిపి, గాజుగొట్టాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టేవాడు. ఊదా రంగు వస్తే ప్రొటీను ఇంకా మిగిలి ఉన్నట్టు. నీలమైతే పని పూర్తయినట్టు. ఆయన “నీలం” అనగానే రియాక్టర్‌ను వేడిచేసే ఆవిరి కట్టేసేవాళ్లు. చివరికి ఆ మాటే ఆయన పేరై కూర్చుంది.

ఆ నీలం ఆయనకు కనబడడం మానేసి ఎన్నాళ్లయిందో మాకు తెలియదు. ముందు పట్టుకున్నది పెద్దమ్మ. నీలం దారపుండ తెమ్మంటే ఊదాది తెచ్చాడు.

“ఊరందరికీ రంగులు చెప్పే మనిషి. ఇంటికొచ్చేటప్పుడు కళ్లు అక్కడే గూట్లో పెట్టొస్తారు కాబోలు,” అంది.

“దుకాణంలో దీపం అలాంటిది,” అన్నాడు పెదనాన్న.

అక్కడితో ఊరుకుంటే పోయేది. నేను ఊరుకునే రకం కాదు. పాత పుస్తకాల అంగట్లో కొన్న, అట్ట చిరిగిన పుస్తకంలో చదివింది భోజనాల దగ్గర వినిపించాను. యాసిడ్ పొగ ఏళ్లతరబడి తగిలితే కంటి పైపొర కమిలిపోతుందనీ, ఆ మచ్చ ఇక పోదనీ.

“నీ కళ్లు ఆ ఫ్యాక్టరీ మింగేసింది పెదనాన్నా,” అన్నాను.

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“వీడి చదువు వీడికి కూడు పెట్టదు, మనల్ని తిననివ్వదు,” అంది పెద్దమ్మ. “మీరు తినండి.”

తిన్నాడు. కాని ఆనాటి నుంచి కంటి డాక్టర్ మాటెత్తితే లేచిపోయేవాడు. డాక్టర్ చూడనంతకాలం మచ్చ లేనట్టే. చూసి కాగితం మీద రాసిచ్చారంటే రియాక్టర్ దగ్గర నుంచి తీసేస్తారు. అందుకని కళ్లను వదిలేసి గడియారాన్ని నమ్ముకున్నాడు. గొట్టం ఎత్తి పట్టేవాడు, చూసినట్టు తల ఊపేవాడు, మనసులో గంటలు లెక్క చూసుకుని “నీలం” అనేవాడు. చెయ్యి తిరిగిన మనిషి గనుక నెలల తరబడి గురి తప్పలేదు.

గడియారాన్ని వాన మోసం చేసింది. ఒక వారం వచ్చిన బస్తాలు దారిలో తడిశాయి. తడి జుట్టుతో పాటు నీళ్లు చేరితే యాసిడ్ పల్చబడి ఉడకడం ఆలస్యమవుతుంది. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. ఒక గంట కలుపుకున్నాడు. మూడు గంటలు కలపాల్సింది. పొద్దున పది దాటాక “నీలం” అన్నాడు. ఆవిరి కట్టేశారు.

ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి ఏదో సీసా కోసం వచ్చి, స్టాండులో ఉన్న గొట్టం చూసింది. నేను ఖాళీ డ్రమ్ము దొర్లించుకుంటూ అటే వెళ్తున్నాను.

“బాబాయ్, ఇదెప్పటిది?”

“ఇప్పటిదే. అయిపోయింది.”

“ఊదాగా ఉందే.”

పెదనాన్న గొట్టం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు చూశాడు.

“నీలమే కదమ్మా,” అన్నాడు. అడుగుతున్నట్టు అన్నాడు.

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను డ్రమ్మువైపు చూశాను.

“కడిగేస్తాను, ఇలా ఇవ్వండి బాబాయ్. ఇంకో రెండు గంటలు ఉడకనివ్వండి. నేనెవరికీ చెప్పను.”

“ఇవాళ కడుగుతావు. రేపో?”

ఆ గొట్టం పట్టుకునే మేనేజర్ గదికి నడిచాడు. వెనకే నేనూ వెళ్లాను, పోట్లాడవలసి వస్తే పోట్లాడదామని.

“సార్, ఇది నీలం కాదట. నాకు తెలియడం లేదు. చాలా రోజులుగా తెలియడం లేదు.”

మేనేజర్ గొట్టం తిప్పి చూశాడు. “సోడా కలిపేశారా?”

“ఇంకా లేదు.”

“అయితే మళ్లీ ఆవిరి వదలండి. సరుకు ఎక్కడికీ పోలేదు.” గొట్టం తిరిగి చేతికిచ్చి అన్నాడు. “కళ్లు చూపించుకుని రండి మేస్త్రి గారూ. అందాకా రంగు ఆ అమ్మాయి చూస్తుంది. చూపు బాగుందని డాక్టర్ రాసిస్తే మీ రియాక్టర్ మీదే. లేదంటే గేటు దగ్గర కుర్చీ ఉంది.”

న్యాయంగా మాట్లాడేవాడితో ఎలా పోట్లాడాలో నాకు తెలియదు.

మర్నాడు పెద్దమ్మతో కలిసి ముగ్గురం కంటి ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ లైటు వేయకముందే పెదనాన్న నేరం ఒప్పుకున్నట్టు చెప్పేశాడు.

“ముప్పై ఏళ్లు యాసిడ్ దగ్గరున్నానమ్మా. పైపొర కమిలిపోయింది.”

“ఎవరు చెప్పారు?”

ఆయన నావైపు చూడలేదు. పెద్దమ్మ చూసింది.

డాక్టరమ్మ రెండు కళ్లూ తీరిగ్గా పరీక్షించింది. “పైపొర అద్దంలా ఉంది. ఇవి శుక్లాలు. లోపలి కటకం పసుపెక్కింది, అందుకే నీలం, ఊదా కలిసిపోతున్నాయి. బడి పంతుళ్లకూ వస్తాయి, దర్జీలకూ వస్తాయి. తీసేసి కొత్త కటకం పెడతాం.”

“యాసిడ్ వల్ల కాదా?”

“వయసు వల్ల.”

“వయసేనటే,” అన్నాడు పెద్దమ్మతో, పాతికేళ్లు తగ్గినవాడిలా.

“ముసలాడివయ్యావంటే ఇంత మురిసిపోయే మనిషిని మిమ్మల్నే చూశాను,” అని ఆవిడ అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

నా మాట తప్పని తేలినందుకు నేను సంతోషించిన రోజు అదొక్కటే. పుస్తకం అబద్ధం చెప్పలేదు. ఆ పొగ నిజంగానే కళ్లు తీస్తుంది. కాని పెదనాన్న కళ్లద్దాలు, ముసుగు లేకుండా ఒక్కరోజూ రియాక్టర్ మూత దగ్గరికి పోలేదు. అది పుస్తకంలో లేదు. రోజూ ఎదురుగా జరుగుతున్నా నేను చూడలేదు.

నెల తేడాతో రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. మొదటి కట్టు విప్పిన మర్నాడే తీగ మీద ఆరేసిన యూనిఫాం చొక్కా పట్టుకుని నిలబడిపోయాడు.

“ఇది నీలమా?”

“కాకపోతే?” అంది పెద్దమ్మ.

“బూడిద రంగనుకున్నానే. నాసిరకం గుడ్డ ఇచ్చారని మూడేళ్లుగా కంపెనీని తిట్టుకుంటున్నాను.”

“ఉతికేది నేనేగా. అడిగితే చెప్పనా?”

డాక్టర్ కాగితం మేనేజర్ బల్ల మీద పెట్టి మళ్లీ రియాక్టర్ ముందు నిలబడ్డాడు. ఆ రోజు షిఫ్టు దిగేవాళ్లు సంచులు భుజాన వేసుకుని ఆయన నోటి మాట కోసం చూస్తున్నారు. పెదనాన్న గొట్టం కిటికీకి ఎత్తాడు. అటూ ఇటూ తిప్పాడు.

“ఊదా,” అన్నాడు.

ల్యాబ్ అమ్మాయి దగ్గరికొచ్చి మెడ సాచి చూసింది. “ఎక్కడ బాబాయ్?”

“అంచు చూడు. పిసరంత.”

ఆ అమ్మాయి కళ్లు చికిలించి చూసింది. “అవును. నేనైతే నీలం అనేసేదాన్ని.”

అంటే ఇంకో గంట. మామూలుగానైతే గొణిగేవాళ్లు. ఆ రోజు అందరూ సంచులు దించి గోడకు చేరగిలబడ్డారు. ఒకడు మాత్రం ఆకలేస్తోంది మేస్త్రీ అన్నాడు.

“ఉడకనీ,” అన్నాడు పెదనాన్న, గొట్టం ఇంకా కిటికీ వెలుగులోనే పట్టుకుని.