నిమ్మరసం ఇస్తేనే ఉప్మా

ఆ రోజుల్లో మా దిక్కు ఇంట్లో ఉన్నవాళ్ల కంటే టెంటు కింద కూర్చున్నవాళ్లే ఎక్కువ. రోడ్డు పక్కన ఎక్కడ చూసినా రిలే నిరాహార దీక్షలే. పొద్దున బంతిపూల దండలు వేసుకుని కూర్చునేవారు, సాయంత్రం ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం తాగించి లేపేవాడు, మర్నాడు ఇంకో జట్టు. తెలంగాణ రాష్ట్రం కోసం ఊరూరా అందరూ కూర్చుంటున్న ఆ కాలంలో, దేవరుప్పుల దగ్గరి తండాలో కొత్తగా అంగన్‌వాడీ టీచరుగా చేరిన నాకు మాత్రం ఒక్క పిల్లవాణ్ని కూర్చోబెట్టడం చేతకాలేదు. (ఇంటర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. అవి ఇక్కడ ఎందుకూ పనికిరాలేదు.)

ఆడపిల్లలు బుద్ధిగానే ఉండేవారు. మగపిల్లలే, దేవుడా! ఒకడు కిటికీకి వేలాడితే ఇంకొకడు బియ్యం డబ్బాలో దూరేవాడు. వీళ్లందరికీ నాయకుడు నాలుగేళ్ల బుల్లెట్టు. వాడి అసలు పేరు వాళ్లమ్మ కూడా మరిచిపోయింది. నేను పాట ఎత్తుకోగానే వాడు బయటికి ఉరికేవాడు, వాడి వెనక మిగతా దండు, దండు వెనక నేను, నా వెనక తిట్టుకుంటూ వంట చేసే ఆయమ్మ. వేపచెట్టెక్కిన వాణ్ని నేను దిగమని బతిమాలుతుండగా సూపర్వైజర్ మేడం చూడనే చూసింది. "వచ్చే వారం మల్లొస్త. పోరగాండ్లు కూసోని తినాలె. లేకుంటె నీ జాగల ఇంకొకర్ని పెడుత" అని చెప్పి పోయింది. నౌకరి పోతే మా నాయిన నన్ను మళ్లీ పత్తి ఏరడానికి తోలేవాడు. దాని కంటే బుల్లెట్టే నయం.

మేడం వచ్చే రోజు పొద్దున నాకో బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. పాత చీరతో గదిలో టెంటు కట్టాను. తంగేడు పూలు గుచ్చి మగపిల్లలందరి మెడలో దండలు వేశాను. "ఇయ్యాల మనం దీక్ష చేస్తున్నం. కదిలినోడు లీడరు కాడు!" అన్నాను. అబ్బ, ఊపిరి కూడా మెల్లగా తీశారు వెధవలు!

జీపు వచ్చింది. గంజిపెట్టిన చీర సర్దుకుంటూ మేడం గడపలోనే ఆగిపోయింది. "గిదేంది, గింత సప్పుడు లేకుంట కూసున్నరు?" నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆయమ్మ ఉప్మా, ఉడికిన గుడ్లు పెట్టింది. ఆడపిల్లలు తింటున్నారు. టెంటు కింద ఒక్కడూ చెయ్యి పెట్టలేదు.

"తినుండ్రి నాయినా" అన్నాను.

"దీక్షల తింటరా టీచరమ్మా?" బుల్లెట్టు నన్ను జాలిగా చూశాడు. "నిన్న టెంటు కింద మా బాపు తిన్నడా?"

నేను గబగబా చప్పట్లు కొట్టాను. "దీక్ష అయిపోయింది బిడ్డా, లేవుండ్రి!"

"మరి నిమ్మరసమేది?"

ఆయమ్మ పక్కింటికి ఉరికి నిమ్మకాయలు తెచ్చి పిండింది. నేను గ్లాసు అందిస్తే వాడు మూతి తిప్పుకున్నాడు. "నువ్వు కాదు. పెద్దమనిషి ఇయ్యాలె. జీపుల వచ్చిన అవ్వ ఇయ్యాలె."

అవ్వ! మేడంకి నలభై కూడా నిండలేదు. పోయింది నా నౌకరి అనుకున్నాను.

మేడం వాణ్ని చూసింది, నన్ను చూసింది, చల్లారుతున్న ఉప్మాను చూసింది. చెప్పులు విడిచి, వంగి టెంటులో దూరి, ఒక్కొక్కడికీ తన చేత్తో నిమ్మరసం తాగించింది. వాళ్లు చేతులు జోడించి మరీ తాగారు. బుల్లెట్టు ఖాళీ గ్లాసును మైకులా పట్టుకుని "ఇగ మన అవ్వ మాట్లాడుతది" అని ప్రకటించాడు. (వాడు ఏ ముచ్చటా వదిలే రకం కాదు.) మేడం గొంతు సవరించుకుంది. "మంచిగ కొట్లాడిన్రు బిడ్డా. ఇగ గుడ్లు తినుండ్రి. జై తెలంగాణ!" జై కొట్టిన జోరుకు వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి. ఆ తర్వాత ఆయమ్మకు గిన్నె కడిగే పని కూడా మిగల్లేదు.

జీపెక్కుతూ మేడం నన్ను దగ్గరికి పిలిచింది. బుల్లెట్టు వేసిన తంగేడు దండ ఆమె మెడలో అట్లాగే ఉంది. "నిన్ను తీసేద్దామనే వచ్చిన" అంది. "తీసేస్తె రేపు గీ పోరలు మా ఆఫీసు ముంగట టెంటేస్తరు. గన్ని నిమ్మకాయలు నేనేడ పిండాలె? నువ్వే ఉండు తల్లీ."

ఉన్నాను. ఇప్పటికీ ఉన్నాను. రాష్ట్రం వచ్చింది, నా తలలో తెల్లవెంట్రుకలూ వచ్చాయి. మొన్న ఇంట్లో అలిగి అన్నం మానేసి కూర్చుంటే మా ఆయన టీవీ మీంచి కన్ను తిప్పలేదు. ఆకలికి ఆగలేక నేనే లేచి, నిమ్మకాయ కోసి పిండుకుని, నా చేత్తో నేనే తాగి దీక్ష విరమించాను. బుల్లెట్టు చూసుంటే అస్సలు ఒప్పుకునేవాడు కాదు.